కథకు ప్రామాణ్యం ఎక్కడిది?

పర్యావరణాన్ని గురించిన యథార్థ కథనం, అంటే జరిగినదానిని జరిగినట్టే చెబుతూ కథలాగా చదివించే రచన, రాయడం నేర్చుకునేవారికి శైలి కంటే ముందు సత్యమే పెద్ద చిక్కుగా ఎదురవుతుంది. ఒక నది ఎండిపోవడానికీ ఒక పక్షిజాతి తరిగిపోవడానికీ ఏళ్లు పడుతుంది. ఆ క్రమంలో స్పష్టమైన నాయకుడు గాని, కంటికి కనిపించే పతాక సన్నివేశం గాని ఉండకపోవచ్చు. కథ లేకపోతే పాఠకుడి మనసు కదలదు. కదిలించడానికి లేనిదాన్ని చేరిస్తే ఆ రచన ప్రమాణం, అంటే యథార్థ జ్ఞానానికి సాధనం, కాకుండా పోతుంది.

వేదంలోని కథాభాగాల విషయంలో పూర్వమీమాంసకులు ఇలాంటి ప్రశ్ననే వేసుకున్నారు. ఫలానా కర్మ చేయమని ఆదేశించే విధివాక్యానికి ప్రయోజనం స్పష్టమే గాని, ఆదేశమేమీ లేకుండా స్తుతించే, కథ చెప్పే అర్థవాదానికి ప్రామాణ్యం ఎలా వస్తుందన్నది పూర్వపక్షం. విధితో కలిసి ఒకే తాత్పర్యానికి పనిచేయడం వల్ల, అంటే ఏకవాక్యత వల్ల, వస్తుందన్నది మీమాంసా సూత్రకారుడైన జైమిని సిద్ధాంతం. యజ్ఞంలో పశువును కట్టే యూపస్తంభాన్ని సూర్యుడిగా చెప్పడం వంటి ప్రత్యక్షవిరుద్ధమైన వాక్యాన్ని, ఒక గుణసామ్యాన్ని చూపేదిగా గ్రహించి, తర్వాతివారు గుణవాదం అన్నారు.

రేచల్ కార్సన్ 1962లో వెలువరించిన 'సైలెంట్ స్ప్రింగ్' ఈ విచారణకు తగిన ఉదాహరణ. పురుగుమందుల వల్ల కలిగే హానిని నిరూపించే ఈ పుస్తకం, పక్షుల కూతలు ఆగిపోయిన ఒక ఊహాజనితమైన అమెరికన్ ఊరితో మొదలవుతుంది. అలాంటి ఊరు లేదనీ, అయితే అక్కడ చెప్పిన ప్రతి విపత్తూ ఎక్కడో ఒకచోట నిజంగా జరిగిందేననీ ఆమె ఆ అధ్యాయంలోనే చెప్పారు. ఇది శుద్ధమైన గుణవాదం. ఆ ఊరిని తొలగించినా పుస్తకంలోని నిరూపణ చెక్కుచెదరదు కనుకనే ఆ కల్పన దోషం కాలేదు.

నేర్చుకునేవారు ఎక్కువసేపు నిలవవలసిన చోటు మాత్రం ఆ ఊరు కాదు, అదే పుస్తకంలోని క్లియర్ లేక్ వృత్తాంతం. కాలిఫోర్నియాలోని ఆ సరస్సు దగ్గర చేపలు పట్టేవారినీ విహారానికి వచ్చేవారినీ విసిగిస్తున్న, దోమను పోలిన చిన్న కీటకాన్ని చంపడానికి 1949లో డీడీటీకి దగ్గరి రసాయనమైన డీడీడీని నీటిలో కలిపారు. ఏడు కోట్ల పాళ్ల నీటికి ఒక పాలు చొప్పున లెక్కగట్టి వేసిన ఆ మందుతో కీటకాలు దాదాపు నశించినా మళ్లీ పుట్టుకురావడంతో 1954లోనూ 1957లోనూ మళ్లీ వేశారు. 1954 తర్వాతి చలికాలం నుంచి, నీట మునిగి చేపలు పట్టుకునే గ్రీబ్ పక్షులు చచ్చిపడసాగాయి. అంటువ్యాధి ఆనవాళ్లేమీ దొరకలేదు గాని, వాటి కొవ్వును పరీక్షిస్తే పది లక్షల పాళ్లకు 1,600 పాళ్ల మేర ఆ రసాయనం బయటపడింది. చివరిసారి మందు వేసిన కొంతకాలానికే నీటిలో దాని జాడ లేకపోయినా, నీటిలో తేలే సూక్ష్మజీవుల్లోకీ, వాటిని తిన్న చేపల్లోకీ, ఆ చేపలను తిన్న పక్షుల్లోకీ చేరుతూ మెట్టుమెట్టుకూ అది చిక్కబడింది. వెయ్యి జంటలకు పైగా గూళ్లు కట్టుకునే చోట 1960 నాటికి సుమారు 30 జంటలే మిగిలాయి.

ఇక్కడ కల్పించవలసిన అవసరమే కలగలేదు, ఎందుకంటే పరిశోధకులు కార్యం నుంచి కారణానికి నడిచిన దారే కథాక్రమం అయింది. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు అనుమానమని పిలిచే ప్రమాణం, అంటే కనిపించే గుర్తును పట్టుకొని కనిపించనిదాన్ని తెలుసుకునే పద్ధతి, పాఠకుడి కళ్ల ముందే సాగుతుంది. పక్షి చనిపోయిందన్న వార్త జాలిని పుట్టిస్తే, ఎందుకు చనిపోయిందో తానే తేల్చుకుంటున్న పాఠకుడిలో ఆ జాలి బాధ్యతగా మారుతుంది. పర్యావరణ రచనకు ఇంతకంటే గొప్ప శిల్పం లేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

ప్రాణుల అంతరంగం మరింత కఠినమైన విషయం. కార్సన్ తన తొలి పుస్తకమైన 'అండర్ ది సీ విండ్' (1941)లో స్కాంబర్ అనే మాకెరెల్ చేప వెంట నడుస్తూ సముద్రాన్ని వర్ణించారు. చేప భయపడిందని రాయడం మనిషి పడే భయాన్ని దానికి అంటగట్టడానికి కాదనీ, భయపడిన ప్రాణి ఎలా ప్రవర్తిస్తుందో అది అలా ప్రవర్తించడమే ఆ మాటకు ఆధారమనీ ముందుమాటలో వివరించారు. విషయాన్ని స్వయంగా తెలుసుకొని, తెలిసినది తెలిసినట్టే చెప్పాలనుకునేవాడే ఆప్తుడని, అంటే నమ్మదగిన వక్త అని, న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు నిర్వచించాడు. ఆ నిర్వచనం ప్రకారం చూస్తే, చేప కదలికను చూసినంత మేరకు చెప్పిన రచయిత్రి ఆప్తురాలే. ఆ కదలిక వెనుక చేపకు ఏమనిపించిందో చెప్పబోయే రచయితకు మాత్రం ప్రత్యక్షమూ అనుమానమూ రెండూ తోడు రావు.