మొక్కూ, ఎమ్మెస్సూ

కంప్యూటర్ సైన్స్‌లో ఎంటెక్ సీటు కోసమో, అమెరికాలో ఎమ్మెస్ కోసమో దేవుడికి మొక్కుకుంటే అది భక్తా, బేరమా? తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ నడుస్తోంది; ఏలూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. గేట్ హాల్‌టికెట్టో, అమెరికా యూనివర్సిటీ పంపిన ఐ-20 కాగితమో వెంటబెట్టుకుని, ఆ దగ్గర్లోనే చిన్న తిరుపతిగా పేరున్న ద్వారకా తిరుమల కొండెక్కే పిల్లల విషయంలో ఈ ప్రశ్న ఊరికే పోదు.

భగవద్గీత ఏడో అధ్యాయం భక్తులను ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని నాలుగు రకాలుగా చెబుతుంది. ఉద్యోగమిచ్చే డిగ్రీ కోరేవాడు అర్థార్థి. జ్ఞానికి పెద్దపీట వేసినా, నలుగురూ ఉదారులేనన్నది అక్కడి మాట. కోరిక ఉన్నంత మాత్రాన భక్తి చెడదు.

చిక్కంతా ఫలితంలో దైవం వాటా ఎంతన్న దగ్గరే. పద్దెనిమిదో అధ్యాయం ప్రకారం ఏ పనికైనా కారణాలు ఐదు: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్ట, దైవం. అర్ధరాత్రి దాకా కూర్చుని, నడవని ప్రోగ్రాంలో తప్పెక్కడుందో ఒక్కో వరుసా చూసి పట్టుకోవడం చేష్ట. ఆ పని మొక్కు చేసిపెట్టదు. అయితే చదువుకు అందనివీ ఉన్నాయి. అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్-1బి వీసాలకు ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవారికి మరో 20,000 అని పరిమితి. దరఖాస్తులు మించినప్పుడు ఏళ్ల తరబడి లాటరీ తీశారు. ఆ లాటరీలో ఫస్ట్ ర్యాంకుకూ అత్తెసరు మార్కులకూ తేడా లేదు. దైవమన్న మాటకు ఈ కాలంలో ఇంతకన్నా సూటైన ఉదాహరణ దొరకడం కష్టం.

ప్రయత్నమా, అనుగ్రహమా అన్న తగవు శ్రీవైష్ణవంలో పాతదే, అది మోక్షం గురించి. వడగలైవారు కోతిపిల్లను చూపుతారు: తల్లిని అదే పట్టుకోవాలి. తెంగలైవారు పిల్లికూనను చూపుతారు: తల్లే నోట కరచుకుపోతుంది. ఆ తగవుకు జవాబన్నట్టు, ద్వారకా తిరుమల గర్భాలయంలో మూలమూర్తులు ఇద్దరు. ద్వారక మహర్షి తపస్సుకు పుట్టలో వెలసిన స్వయంభువు ఒకరు. ఆయన పాదాలు పుట్టలోనే ఉండిపోయాయంటుంది స్థలపురాణం. పాదపూజకు వీలుగా రామానుజులు నిండు విగ్రహాన్ని ప్రతిష్ఠించారని చెబుతారు. తనంతట వెలసినదీ, మనిషి పూనుకుని నిలిపినదీ అక్కడ కలిసే పూజలందుకుంటున్నాయి.

పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు. చిన్న తిరుపతి మొక్కు మాత్రం అక్కడే తీర్చాలన్నది నమ్మకం. పని జరిగితేనే మొక్కు బాకీ అవుతుంది, అందుకే అది బేరంలా కనిపిస్తుంది. శరణాగతికి అలాంటి షరతు లేదు. వీసా రాకపోవడం పిల్లవాడి చదువు మీదా, వాడి కోసం మొక్కిన తల్లి భక్తి మీదా ఇచ్చిన తీర్పు కాదు. ఐదు కారణాల్లో ఒకటి కలిసిరాలేదు, అంతే. బాకీ లేకపోయినా కొండెక్కి తలనీలాలు ఇచ్చే తల్లి చేస్తున్నది బేరం కాదు.