అలసటకి అనుపానం

"ఒంట్లో ఓపిక లేదండీ" అని ఇంటి ఇల్లాలు అన్నదంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళంతా వైద్యులైపోతారు. పెన్నేరుగడ్డ పొడి పాలల్లో కలుపుకు తాగమని ఒకరు, చ్యవనప్రాశ మంచిదని ఇంకొకరు, తిప్పతీగ కషాయమని మరొకరు. "ఆ గిన్నెలు నేను తోముతాను, నువ్వు కాసేపు నడుం వాల్చు" అనే వైద్యుడు మాత్రం ఎందుచేతనో ఆ గుంపులో కనపడడు!

మూలికల్ని వెక్కిరించడం కాదు నా ఉద్దేశం. పెన్నేరుగడ్డ అంటే అశ్వగంధే. వేరు గుర్రం వాసన వేస్తుంది కనక ఆ పేరు. అది ఒత్తిడినీ నిద్రలేమినీ కొంత తగ్గిస్తుందని కొన్ని చిన్న పరిశోధనల్లో కనిపించింది. ఇక ఉసిరికాయలో సి విటమిన్ దండిగా ఉంది. భోజనంలో తింటే ఆకుకూరల్లోని ఇనుము ఒంటబడుతుంది. 2019-21 జాతీయ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలిన దేశం మనది. ఉసిరి పచ్చడిని చిన్నచూపు చూడగలమా?

మనం పీల్చే ప్రాణవాయువు ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు ఫ్రీ రాడికల్స్ పుట్టి, ఇనుముకి తుప్పు పట్టినట్టు శరీరాన్ని పాడుచేస్తాయనీ, ముసలితనానికి అదే కారణమనీ 1956లో డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఆ తుప్పు వదిలిస్తామనే సీసాలు ఇవాళ బజారు నిండా ఉన్నాయి. కాని శరీరం ఇనప గేటు కాదుగా! ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్ళకి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో బయటపడింది. కూరలో ఉన్న మేలంతా మాత్రలోకి దిగదన్నమాట.

ఒత్తిడిని తట్టుకునే శక్తినిచ్చే మందులకి 'అడాప్టోజెన్' అని 1947లో పేరు పెట్టినవాడు సోవియట్ శాస్త్రజ్ఞుడు లాజరెవ్. సైనికులూ క్రీడాకారులూ ఇంకాస్త సేపు అలవకుండా ఉండాలన్నది అక్కడి పరిశోధకుల తాపత్రయం. ఇక్కడే నాకో ధర్మసందేహం. దుక్కి రోజుల్లో ఎద్దుకి ఉలవలు ఎక్కువ పెట్టడం దయా, వ్యవసాయమా?

2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. అసలు చెయ్యని మగవాళ్ళు ఈ లెక్కలో లేరు సుమండీ! ఈ తేడాని లేహ్యంతో పూడ్చబోవడం న్యాయమేనా? పైగా "ఆవిడకి అలుపన్నదే లేదు" అని ఎవరైనా మెచ్చుకుంటే, మనమూ పొంగిపోయి నోరు మూసుకుంటాం. అలసట అనేది ఒళ్ళు మనకి చెప్పే కబురు. వినకుండానే దాని నోరు నొక్కితే ఎలా?

మన పెద్దవాళ్ళకి ఈ సంగతి తెలుసు. బాలింతకి కాయం పెట్టేవారు. శొంఠీ పిప్పళ్ళూ నూరి చేసిన మందది. కాని వీలున్న ఇళ్ళల్లో ఆ ముద్ద తినిపించి వెంటనే బావి దగ్గరికి పంపలేదు. మంచం మీద పడుకోబెట్టి, బిడ్డని ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. తేనే పాలూ కాదు, ఆ మందుకి అసలైన అనుపానం ఆ విశ్రాంతే.

కనక నీరసం వదలకపోతే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. అశ్వగంధ కూడా గర్భిణులకి పనికిరాదు, కొందరికి కాలేయాన్ని దెబ్బతీసింది. అంచేత డాక్టర్ని అడగందే వాడకండి. మందు సంగతి డాక్టరు చూసుకుంటారు. అనుపానం మాత్రం ఇంట్లోవాళ్ళనే అడగాలి. పొద్దుట కూర తరగడంలో కొంచెం, రాత్రి గిన్నెలు తోమడంలో కొంచెం.