దర్జీ కట్టిన గోడ ఎందుకు కూలింది?



మీ ఇంట్లో అమ్మాయి ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతోందనుకోండి. చదువులో భాగంగా, ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే నిరాశ్రయుల వసతి గృహంలో ఇంటర్న్‌గా చేరింది. అక్కడ కప్పు కారుతోంది, మరుగుదొడ్ల తలుపులు ఊడిపోయాయి, గోడలు చెమ్మ పట్టాయి. "చదువుకున్నదానివి, ఈ మరమ్మతులన్నీ నువ్వే చూసుకో" అని సంస్థవాళ్ళు ఆమెకు అప్పగించారు. మేస్త్రీ ఆమె మాట వినడు. లెక్క ఎలా రాయాలో ఎవరూ చెప్పరు. రేపు గోడ బీట తీస్తే మాత్రం తప్పు ఆ పిల్లదే అంటారు.

ఇందులో ధమ్మానికేం పని అంటారా? చాలా పని ఉంది.

వినయపిటకంలోని చుల్లవగ్గలో ఒక సంగతి ఉంది. వైశాలిలో ఒక పేద దర్జీ ఉండేవాడు. అందరూ శ్రద్ధగా విహారాలు కట్టిస్తున్నారు, నేనూ కడతాననుకున్నాడు. తానే మట్టి తొక్కాడు, తానే ఇటుకలు పేర్చాడు. పని తెలియక గోడ వంకరపోయి కూలింది. మళ్ళీ కట్టాడు, మళ్ళీ కూలింది. మూడోసారీ అంతే. అప్పుడతను ఉక్రోషంగా గోడు వెళ్ళబోసుకున్నాడు. చీవరాలూ భోజనాలూ ఇవ్వగలవాళ్ళకైతే భిక్షువులు దగ్గరుండి చెబుతారు, నేను పేదవాణ్ణి, నాకెవరు చెబుతారు అని.

ఆ మాట తథాగతుని చెవిన పడింది. ఆయన దర్జీ మీద కోపగించలేదు. "నీ కర్మ" అనీ అనలేదు. సంఘానికే ఒక నియమం పెట్టారు. కట్టడం పనికి ఒక భిక్షువును సంఘం ముందు ప్రతిపాదించి, అందరి సమ్మతితో బాధ్యత అప్పగించాలి. పని త్వరగా పూర్తయ్యేలా చూడటం, విరిగిందీ పగిలిందీ బాగుచేయించడం అతని విధి. అతణ్ణి 'నవకమ్మికుడు' అంటారు. ఆ బాధ్యతకు గడువూ ఉంది: చిన్న విహారానికి 5, 6 ఏళ్ళు, పెద్దదానికి 10, 12 ఏళ్ళు. పని చేయించినవాడు యజమాని అయిపోడు.

దర్జీకి శ్రద్ధ ఉంది, రెక్కల కష్టం ఉంది. లేనిదల్లా పక్కన నిలబడి చెప్పే మనిషి.

తలదాచుకునే చోటు విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమెరికాలో, ఇంగ్లండులో చదివి వచ్చిన బాబాసాహెబ్‌ను 1917లో బరోడాలోని పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఆ ఊళ్ళో ఆయనకు ఉండటానికి ఇంకెక్కడా చోటు దొరకలేదు. ఆయన ఆ అవమానాన్ని పనిగా మార్చారు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. మరుసటి ఏడే ఆ సభ షోలాపూర్‌లో మన పిల్లలకు వసతి గృహం తెరిచింది.

చెల్లీ, తమ్ముడూ! అలాంటి పని మీ చేతికొస్తే ముందు అక్కడ పడుకునేవాళ్ళను అడగండి. మీరు రంగులు ఎంచుతుంటారు. అక్కడున్న ఆడమనిషికి కావలసింది లోపలి నుంచి గొళ్ళెం పడే తలుపు. ముసలాయనకు కావలసింది మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ. పట్టణ నిరాశ్రయుల వసతి పథకం ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలని చెప్పింది. లెక్క చూపించడానికి మంచాలు ఇరికించకండి. ప్రతి బిల్లూ గోడకు అంటించండి. పంచశీలలో రెండో శీలం అక్కడ కనబడాలి. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపనివ్వకండి. రక్షణ సాధనాలూ జాగ్రత్తలూ లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ గుంటలో దిగి చచ్చిపోతున్నది ఎవరి బిడ్డలో మీకు తెలుసు.

పెద్దలారా! మనలో మేస్త్రీలున్నారు, ప్లంబర్లున్నారు, కరెంటు పనివాళ్ళున్నారు, రిటైరైన ఇంజినీర్లున్నారు. ఒక ఆదివారం వందన అయ్యాక ఆ పిల్ల పని చేస్తున్న చోటికి వెళ్ళండి. గోడకు తూకం ఎలా చూడాలో, సిమెంటులో ఇసుక ఎంత కలపాలో చూపించండి. పని మాత్రం ఆమె చేతిలోంచి లాక్కోకండి. మేస్త్రీ ముందు "అమ్మాయి చెప్పినట్టే చెయ్యి" అనండి. ఆ ఒక్క మాటా ఆమెకు కొండంత అండ. కరుణ అంటే కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఒక్కటే అయితే వైశాలి గోడ నాలుగోసారీ కూలేది.

వచ్చే పున్నమికి విహారంలో కూడినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: మన ఊళ్ళో ఎవరు ఒంటరిగా గోడ కడుతున్నారు?

జవాబు దొరికితే మర్నాడే వెళ్ళండి.

భవతు సబ్బ మంగళం.