ఓడినవాని పౌరధర్మము

మన పాఠశాలలలో 14, 15 ఏండ్ల బాలబాలికలకు పౌరశాస్త్రము బోధింపబడుచున్నది. రాజ్యాంగము 1949 నవంబరు 26న ఆమోదింపబడెననియు, శాసనసభ చట్టములు చేయుననియు, న్యాయస్థానములు వానికి అర్థము నిర్ణయించుననియు వారు చక్కగా వల్లింతురు. ఇది యవసరమే. కాని యెన్నికలలో గెలుచు విధమును గూర్చి యింత చెప్పు మనము, ఓడినవా డెట్లు నడచుకొనవలెనో చెప్పుచున్నామా? ప్రజాప్రభుత్వమున ప్రతి నిర్ణయమునందును ఓడువారు కొందఱుందురు. వారు మొండికెత్తినను, నోరు మూసికొన్నను రాజ్యమునకు చేటే. కావున ఈ శిక్షణమే మొదటిదని మా యభిప్రాయము.

దృష్టాంతమునకై దూరదేశములకు పోనక్కఱలేదు. విజయనగరమున నివసించిన గురజాడ అప్పారావుగారు మదరాసు విశ్వవిద్యాలయమువారి తెలుగు వ్యాసరచనా సంఘమున సభ్యులు. విద్యార్థులు వ్యావహారికభాషలో వ్రాయవచ్చునా యను చర్చలో అధికసంఖ్యాకులు వారి పక్షమున లేరు. వారు తమ వాదమును సోపపత్తికముగా వ్రాసి 1914లో అసమ్మతిపత్రముగా సమర్పించిరి. అయినను విశ్వవిద్యాలయము గ్రాంథికపక్షమునే గైకొన్నది. 1915 నవంబరు 30న అప్పారావుగారు పరమపదించిరి, గెలుపును చూడలేదు. శ్రీకాకుళము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు ఆ వాదమును విడువక, 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను స్థాపించి ప్రచారము సాగించిరి. నేడు వార్తాపత్రికలును పాఠ్యపుస్తకములును వ్యావహారికముననే వెలువడుచున్నవి. పాతశైలిలో వ్రాయుచున్న మేము సైతము ఈ మాట చెప్పక తప్పదు.

ఇందు గ్రహింపదగిన నీతి యొక్కటి కలదు. నిర్ణయమునకు లోబడుట వేఱు, అది న్యాయమని యంగీకరించుట వేఱు. చట్టము మాఱువఱకు దానిని పాటింపవచ్చును. అది యేల మాఱవలెనో బహిరంగముగా చెప్పనువచ్చును. ఈ భేదము తెలియనివాడు బానిసయో, అల్లరిమూకలోనివాడో యగును. గెలిచినవారికిని ధర్మమున్నది. ఓడినవాని మాటను వ్రాసియుంచవలెను. మరల చర్చకు తావీయవలెను. ఎంత సంఖ్యాబలమున్నను చట్టవిరుద్ధముగా హరింపరాని ప్రాథమికహక్కులు కలవనియు, వానికై న్యాయస్థానమునకు పోవచ్చుననియు పిల్లలెఱుగవలెను.

“ప్రతివాదము నేర్పినచో పిల్లలకు పెద్దలయెడ గౌరవము నశింపదా?” యని కొందఱడుగుదురు. కారణము చెప్పి కాదనుటకు పెద్దలు జంకవలసిన పనిలేదు. భయముచేత కలిగిన వినయము భయము తీఱగానే పోవును. ఓటుహక్కు వయస్సు 1989లో 21 నుండి 18 ఏండ్లకు తగ్గింపబడినది. పదునేడేండ్లు తలవంచుటయే నేర్చిన బిడ్డ, పదునెనిమిదవయేట నొక్కదినమున స్వతంత్రబుద్ధి గల పౌరుడగునా? ముఖ్యముగా ఆడపిల్లల మాట తలపుడు. పదునెనిమిదేండ్లు నిండని కన్యకు పెండ్లి చేయరాదని 2006నాటి చట్టము చెప్పుచున్నది. కాని తన పెండ్లి మాటలు నడచుచుండగా “నాకిష్టము లేదు” అని యనుటయే తప్పని యింట నేర్చిన బాలికకు ఆ చట్టమేమి తోడ్పడగలదు? కన్యాశుల్కమను దురాచారముపై నాటకము వ్రాసిన మహనీయుని యూరివారము ఈ ప్రశ్నను దాటిపోరాదు.

కావలసిన సాధన మల్పమే. తరగతి గ్రంథాలయమునకు ఏ పుస్తకములు కొనవలెనో విద్యార్థులనే నిర్ణయింపనిండు. చర్చింతురు, ఓట్లు వేయుదురు. ఓడిన పక్షమువారి కారణములను పుస్తకమున వ్రాయింపుడు. మూడు నెలలకు మరల చదివింపుడు. ఊరి చెఱువుపనికై యెంత సొమ్ము ఖర్చయినదో సమాచారహక్కు చట్టము ననుసరించి అడుగుట నేర్పుడు. 2005లో వచ్చిన ఆ చట్టము సామాన్యముగా 30 దినములలో బదులీయవలెనని విధించుచున్నది. ఇంటను, పిల్లల చదువును గూర్చి నిర్ణయించునపుడు వారి మాట విని, కాదన్నచో కారణము చెప్పుడు. మీ నిర్ణయమే నిలువవచ్చును. కాని వారి మాట వినబడినదని వారికి తెలియవలెను.