ఏడాదికని వచ్చినవారము



కొన్ని వారాల క్రితము ఆరాధన ముగిసిన తరువాత మెట్ల దగ్గర ఒక యువకునితో మాట్లాడాను. పాలమూరు వైపు నుండి కట్టడపు పనికి వచ్చినవాడు, సెంట్రింగు పని చేస్తాడు. మూడు నెలలుగా వెనుక బెంచీలో కూర్చుని, చివరి ప్రార్థన కాగానే వెళ్ళిపోతున్నాడు. "సంఘములో పేరు వ్రాయించుకున్నావా నాయనా?" అని అడిగాను. "ఎందుకు తాతా, ఒక్క ఏడాదికని వచ్చిన. మల్ల ఊరికి పోత" అన్నాడు.

ఆ మాట నాకు కొత్తది కాదు. నలభై ఏళ్ళకు పైగా అయింది, ఇంచుమించు ఇదే మాట నేనూ ఒక పెద్దతో అన్నాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. కొద్ది కాలానికని ఒక చోటికి వచ్చినవాడు ఆ చోటికి ఏమైనా బాకీ ఉంటాడా? ఉంటే ఎంత? విడిచి వచ్చిన ఊరికి ఎంత? చదువుకున్న వారు దీనిని తత్వశాస్త్రపు ప్రశ్న అంటారేమో గాని, పొట్టకూటి కోసము ఊరు విడిచిన ప్రతి కుటుంబము ఎదుర్కొన్న ప్రశ్నే ఇది.

నా సంగతి ముందు చెబుతాను. టీచర్ ట్రైనింగు పూర్తి చేసి మా కనిగిరి ప్రాంతములో ఉద్యోగము దొరకక, 1981 జూన్‌లో బొంబాయి చేరాను. అక్కడ మిల్లుల్లో, కట్టడాల్లో పనిచేసే తెలుగు వారి పిల్లల కోసము తెలుగు మాధ్యమపు పాఠశాలలు ఉండేవి. అందులో ఒక దానిలో నాకు పని దొరికింది. మేనమామ ఒక చాల్‌లో గది చూపించాడు. పొడవాటి వరండా, వరుసగా గదులు, చివర అందరికీ ఒకటే కుళాయి. ఒక సంవత్సరము పనిచేసి, అనుభవము సంపాదించి, స్వంత జిల్లాకు వెళ్ళిపోవాలని నా లెక్క.

ఆ లెక్క ప్రకారమే బ్రతికాను. మరాఠీ నేర్చుకోలేదు, ఏడాదికి ఎందుకని. ప్రక్క గదిలోని మరాఠీ ముసలమ్మ తెల్లవారుజామున నాలుగు గంటలకు నీళ్ళు వచ్చినప్పుడు తన బిందెతో పాటు నా బిందె కూడా పట్టి గుమ్మములో పెట్టేది. ఆమెను ఆజీ అని పిలవాలని కూడా చాలా కాలము నాకు తెలియదు. జ్వరము వచ్చి పడుకుంటే జావ కాచి ఇచ్చింది. నేను ఆమెకు ఏమి చేశానా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తుకు రాదు.

మా ఊరి సంఘ కాపరి బయలుదేరేటప్పుడు నాకు బదిలీ ఉత్తరము వ్రాసి ఇచ్చారు. ఏ సంఘములో చేరితే అక్కడ ఇవ్వాలి. దానిని రేకు పెట్టె అడుగున బట్టల క్రింద దాచాను. అక్కడి తెలుగు సంఘములో ఒక పెద్ద రెండు మూడు సార్లు అడిగారు, "అయ్యా, ఉత్తరము తెచ్చుకోలేదా?" అని. "ఏడాదికే వచ్చానండి" అన్నాను. వారు మరి అడగలేదు. ఆదివారపు బడికి ఉపాధ్యాయులు లేరని ప్రకటన చేసినప్పుడు ట్రైనింగు పొందిన నేను తల వంచుకుని కూర్చున్నాను.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వములో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలయింది. సుమారు రెండున్నర లక్షల మంది పనిలోనికి వెళ్ళలేదు. నా తరగతిలో కరీంనగరు వైపు నుండి వచ్చిన ఒక మగ్గము కార్మికుని కొడుకు ఉండేవాడు. లెక్కల్లో చురుకైనవాడు. మార్చి నెలలో రావడము మానేశాడు. ఇల్లు ఎక్కడో నాకు తెలుసు, ఇరవై నిమిషాల నడక. వెళ్ళి చూడాలని అనుకున్నాను. "ఇంకో నెల రోజుల్లో సెలవులు, నేనూ వెళ్ళిపోయేవాడినే, ఈ ఊరి గొడవ నాకెందుకు" అని వాయిదా వేశాను. చివరకు వెళ్ళేసరికి ఆ గదిలో వేరొక కుటుంబము ఉంది. మరాఠీ రాని నాకు, తెలుగు రాని వారికి మధ్య మాట సాగలేదు. ఆ పిల్లవాడు ఊరికి వెళ్ళాడో, ఏ హోటలులో గ్లాసులు కడగడానికి చేరాడో నాకు నేటికీ తెలియదు.

పోనీ, అంతగా తలచుకున్న ఊరికైనా న్యాయము చేశానా? నెలనెలా మా అమ్మకు మనియార్డరు పంపాను. ఆ ఫారము అడుగున సందేశము వ్రాయడానికి చిన్న చోటు ఉండేది. డబ్బుతో పాటు ఆ ముక్కను చించి ఇచ్చేవారు. మే నెలలో ఇంటికి వెళ్ళినప్పుడు, మా అమ్మ ఉత్తరాలు గుచ్చే ఇనుప తీగకు ఆ ముక్కలన్నీ గుచ్చి ఉంచింది. ఆమెకు చదువు రాదు. పోస్టుమాన్ వచ్చినప్పుడల్లా "ఏమి రాశాడయ్యా?" అని అడిగేదట. అతను ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి "ఏమీ రాయలేదమ్మా" అనేవాడట. పది ముక్కలు, పదీ ఖాళీ. "అక్షరము రాసే తీరిక కూడా లేని ఉద్యోగమా నాయనా?" అని మాత్రమే అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను బొంబాయిలో ఊరిని తలచుకుంటూ బొంబాయిని తప్పించుకున్నాను. ఇక ఊరి విషయానికి వస్తే, త్వరలో వెళ్తున్నాను కదా అని దానినీ తప్పించుకున్నాను.

ఊరు విడిచి వెళ్ళడము పాపము కాదు. కరవు వచ్చినప్పుడు అబ్రాహాము వెళ్ళాడు, యాకోబు కుమారులు వెళ్ళారు, నయోమి కుటుంబము వెళ్ళింది. ఆకలికి ఊరు దాటినవారిని నిందించే హక్కు కడుపు నిండినవారికి లేదు. తిరిగి వెళ్ళాలని ఆశపడటము కూడా తప్పు కాదు. చేయవలసిన మేలును ఆ తిరుగు ప్రయాణము పేరు చెప్పి వాయిదా వేయడమే తప్పు.

యిర్మీయా గ్రంథములో ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అధ్యాయాలను ప్రక్క ప్రక్కన పెట్టి చదవండి. నెబుకద్నెజరు యూదులలో అనేకులను బబులోనుకు పట్టుకుపోయాడు. హనన్యా అనే ప్రవక్త, రెండు సంవత్సరాలలో అందరూ తిరిగి వచ్చేస్తారని ప్రజలకు చెప్పాడు. ఎంత తియ్యని మాట! రెండేళ్ళే అయితే మూట విప్పడము ఎందుకు? చెట్టు నాటడము ఎందుకు? యిర్మీయా మాత్రము చెరలో ఉన్నవారికి ఉత్తరము వ్రాశాడు. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెండ్లిండ్లు చేయండి, మీరున్న ఆ పట్టణము క్షేమము కోసము ప్రార్థించండి, దాని క్షేమములోనే మీ క్షేమము ఉంది అనేది ఆ ఉత్తరపు సారాంశము. యిర్మీయా వారి ఆశను చంపలేదు. డెబ్బది సంవత్సరాల తరువాత తిరిగి రావడము ఉందనీ అదే ఉత్తరములో చెప్పాడు. ఆశ ఉండాలి, అంతవరకు చెట్టు కూడా నాటాలి. మనలో ప్రతివాని లోపలా ఒక హనన్యా ఉన్నాడు. ఏడాదే కదా, రెండేళ్ళే కదా అంటాడు. ఆ ఏడాది ఎప్పుడు ముగుస్తుందో అతనికీ తెలియదు, మనకూ తెలియదు.

విశ్వాసులము లోకములోనే యాత్రికులము కదా, ఎక్కడైనా పరాయివారిగా ఉండటమే సరి కదా అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. కాని ఇస్సాకును చూడండి. గుడారాలలో నివసించినవాడు, గెరారు లోయ అతని స్వంతము కాదు. అయినా బావులు త్రవ్వించాడు. ఒక బావి కోసము అక్కడివారు జగడమాడితే విడిచి పెట్టి ఇంకొకటి త్రవ్వించాడు. యాత్రికుడు దాహముతో ఉంటాడు గనుక బావి విలువ అతనికే ఎక్కువ తెలియాలి.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలోనూ ఇందుకు ఒక దృష్టాంతము ఉంది. 1860 నుండి 1911 వరకు సుమారు లక్షా యాభై వేల మంది మద్రాసు, కలకత్తా రేవుల నుండి ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వారిలో తెలుగువారు చాలా మంది. ఒప్పందము అయిదేళ్ళు. చెరకు తోటల్లో ఆ అయిదేళ్ళు ఎంత కఠినమో చెప్పనక్కర లేదు. 1895 చట్టముతో, గడువు ముగిసిన తరువాత మళ్ళీ కూలికి ఒప్పుకోక, స్వదేశానికీ పోక అక్కడే ఉండదలచినవారిపై ఏటా మూడు పౌన్ల పన్ను కూడా వేశారు. వెళ్ళిపొమ్మని చెప్పే పన్ను అది. అయినా అనేకులు నిలిచిపోయారు. అటువంటి వారి మధ్యకు 1903లో, మన తెలుగు బాప్టిస్టుల హోం మిషను సంఘము జాన్ రంగయ్య గారిని కుటుంబముతో పంపింది. అదే సంవత్సరము డిసెంబరులో కేర్స్నీ తేయాకు తోటల ప్రాంతములో సంఘము స్థాపించారు. "వీరు గడువు తీరగానే వెళ్ళిపోయే కూలీలు, వీరికి సంఘమెందుకు" అని ఆయన అనుకోలేదు. 1915లో అక్కడే కన్నుమూశారు. అయిదేళ్ళకని వెళ్ళినవారి మనుమల మనుమలు నేడు ఆ దేశ పౌరులుగా ఉన్నారు.

ఇక మన విషయము. కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాములో ఉన్న మన తాతలలో ఎక్కువ మంది ఏడాదికో రెండేళ్ళకో అని వచ్చినవారే. మనకిప్పుడు ఇండ్లున్నాయి, రేషను కార్డులున్నాయి, మందిరములున్నాయి. నేడు మన గుమ్మములో కొత్తగా వచ్చినవారు నిలబడితే, "వీరు ఉండేవారు కాదులే" అని మనమే అంటున్నాము. వారి పేర్లు పుస్తకములో ఎక్కించము, వారి పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో అడగము, మేస్త్రీ కూలి ఎగవేస్తే వెంట వెళ్ళి మాట్లాడము. నేను వచ్చినవానిగా చేసిన తప్పే ఇది, ఉన్నవారిగా మనము చేస్తున్నాము. వెళ్ళిపోయేవాడినని అతను దగ్గరకు రాడు, వెళ్ళిపోయేవాడని మనము దగ్గరకు తీయము.

అందరి మీద ఒకే బరువు పెట్టమని నేను అనడము లేదు. అడ్వాన్సు అప్పు తీర్చడానికి రోజుకు పన్నెండు గంటలు ఇటుకలు మోసేవానిని భాష నేర్చుకోలేదని, ఆదివారపు బడికి రాలేదని తప్పు పట్టడము న్యాయము కాదు. ఊరికి వెళ్తాననే ఆశే అతనిని నిలబెట్టే కర్ర. దానిని లాగివేయకూడదు. తీరిక, చదువు, జీతము ఉండి కూడా ఏడాది మాటను అడ్డు పెట్టుకున్న నావంటివారి మీదనే ఎక్కువ బాకీ ఉంది. అట్లాగే స్థిరపడిన సంఘము మీద, కొత్తగా వచ్చినవాని మీద కంటె ఎక్కువ బాధ్యత ఉంది. మొదటి అడుగు ఇల్లు ఉన్నవాడే వేయాలి.

బెంగుళూరుకో, పూనాకో, గల్ఫు దేశాలకో వెళ్తున్న మన పిల్లలకు ఒక మాట. ఈ ఏడాది మీ ఆయుష్షులో నుండి తీసినదే గాని, పైన కలిపి ఇచ్చినది కాదు. చేరిన వారములోనే ప్రక్క ఇంటివారి పేరు తెలుసుకోండి. ఆ ఊరి భాషలో పది మాటలు నేర్చుకోండి. ఇంటికి డబ్బు పంపడము ఇప్పుడు ఫోనులో ఒక్క నొక్కుతో అయిపోతుంది.  మాటకు చోటు మీరే కల్పించుకోవాలి. డబ్బు పంపిన రోజే అమ్మతో నాలుగు నిమిషాలు మాట్లాడండి.

1982 జూన్‌లో నేను తిరిగి బొంబాయికే వచ్చాను. రెండవ ఆదివారము రేకు పెట్టె అడుగు నుండి ఆ ఉత్తరము తీసి సంఘ పెద్ద చేతిలో పెట్టాను. కాగితము మడతల దగ్గర చిరిగిపోయింది. ఆయన తేదీ చూశారు గాని, ఏమీ అనలేదు. "ఆదివారపు బడికి మనిషి కావాలి" అన్నారు. ఆ తరువాత పంపిన ప్రతి మనియార్డరు మీద ఏదో ఒకటి వ్రాశాను. వాన పడిందనో, పిల్లలు బాగా చదువుతున్నారనో. కాని ఆ పిల్లవాని ఇంటికి నడవని ఆ ఇరవై నిమిషాల బాకీ అట్లాగే ఉంది, అది తీరేది కాదు.

సెంట్రింగు పని చేసే ఆ యువకుడు ఇంకా పేరు వ్రాయించుకోలేదు. వచ్చే ఆదివారము మళ్ళీ అడుగుతాను. అడిగే ముందు, అతను ఎక్కడ ఉంటున్నాడో వెళ్ళి చూసి వస్తాను.

మీరున్న పట్టణమునకు, మీరు విడిచిన గ్రామమునకు ప్రభువు క్షేమము కలుగజేయును గాక.