అలవాటు: బలమా, బంధమా?

మనుష్యుడు తన జీవితమును తానే నడుపుకొనుచున్నానని తలచును. కాని ప్రాతఃకాలమున మేల్కొన్నది మొదలు రాత్రి నిద్రించు వరకు తాను చేయు పనులను ఒక్కొక్కటిగ పరిశీలించినచో, వానిలో ఆలోచించి, నిశ్చయించి చేసినవి మిక్కిలి స్వల్పమని యతనికే తెలియగలదు. కాఫీ త్రాగుట, వార్తాపత్రిక తిరగవేయుట, పొరుగువారిని గూర్చి యొక మాట యనుట, పిల్లలను గదుముట, ఇవన్నియు ఎవరును ఆజ్ఞాపింపకయే జరిగిపోవుచుండును. నేటి కాలమున కన్ను పూర్తిగ విప్పుటకు ముందే చేయి సెల్‌ఫోనును వెదకుచున్నది. భగవంతుని స్మరింపవలెనను సంకల్పము మేల్కొనులోపలనే అలవాటు తన పని ముగించుకొనుచున్నది.

ఇట్టి యలవాటు మనకు బలమా, బంధమా? అలవాటు లేనిదే ఏ విద్యయు పట్టుబడదు, ఏ సాధనయు సాగదు. అలవాటు ముదిరినచో ఆ సాధనయే జడమై, యంత్రమువలె తిరుగును. ఒకే వస్తువు ఒకనికి నిచ్చెనయు మరియొకనికి సంకెలయు నగుచున్నది. ఈ భేదము దేనివలన కలుగుచున్నదో గ్రహించుట సాధకునకు అత్యావశ్యకము.

చేసిన ప్రతి కర్మయు మనస్సున నొక ముద్రను విడిచిపోవును. ఆ ముద్ర మరల అట్టి కర్మకే ప్రేరేపించును. ఆ కర్మ ముద్రను మరింత లోతు చేయును. మన శాస్త్రకారులు దీనికి సంస్కారమని పేరిడిరి. చేనికి నీరు పెట్టు రైతు ఈ ధర్మమును చక్కగ నెరుగును. నిన్న నీరు పారిన బోదెలోనే నేడును పారును. దానిని క్రొత్త మడికి మళ్ళింపవలెనన్నచో రెండు పనులు చేయవలెను: క్రొత్త బోదెను త్రవ్వవలెను, పాత బోదెకు అడ్డుకట్ట వేయవలెను. త్రవ్వుట మాత్రమే చేసి అడ్డుకట్ట వేయని రైతు శ్రమ వ్యర్థమగును. అడ్డుకట్ట వేసి త్రవ్వనివాని నీరు గట్టు తెంచుకొనిపోవును. యోగసూత్రములకు భాష్యము రచించిన వ్యాసుడును చిత్తమును నదితోనే పోల్చినాడు. వైరాగ్యము విషయములవైపు పారు ప్రవాహమును మూయుననియు, వివేకాభ్యాసము శ్రేయస్సువైపు పారు ప్రవాహమును తెరచుననియు ఆయన వివరించినాడు. గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు, మనస్సును నిగ్రహించుట గాలిని పట్టి బంధించుటవలె దుష్కరమని మొరపెట్టుకొనగా, శ్రీకృష్ణభగవానుడు ఆ మాటను కాదనలేదు. కష్టమేయని యంగీకరించి, అభ్యాసవైరాగ్యములను ఆ రెంటినే ఉపాయముగ జూపినాడు.

ఈ దినములలో అలవాట్లను దిద్దుట, లక్ష్యములను నిర్ణయించుట, జీవితమున వచ్చు మార్పులను ఎదుర్కొనుట నేర్పు శిక్షకులు పెక్కుమంది యేర్పడినారు. లైఫ్ కోచ్ అను పేరు నగరవాసులకు పరిచితమే. కోరినదానిని కాగితముపై వ్రాసికొనుమందురు. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగ విభజించుకొనుమందురు. క్రొత్త యలవాటును పాత యలవాటునకు ముడివేయుమందురు. ఇవి త్రోసివేయదగిన మాటలు కావు. అమెరికా దేశపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు విలియమ్ జేమ్స్ 1890లో వెలువరించిన తన మహాగ్రంథమున అలవాటునకు ఒక అధ్యాయమునే కేటాయించినాడు. క్రొత్త యలవాటును దృఢసంకల్పముతో ప్రారంభింపవలెననియు, అది వేరూనువరకు ఒక్క మినహాయింపునకైనను చోటీయరాదనియు ఆయన యుపదేశము. దారపుటుండను చుట్టుచున్నవాడు ఒక్కసారి దానిని జారవిడిచినచో, ఎన్నో చుట్లు విడిపోవునని ఆయన హెచ్చరించినాడు.

ఇటీవల లండను నగరమునందలి విశ్వవిద్యాలయ పరిశోధకులు 96 మందిని 12 వారములు పరిశీలించి, తమ ఫలితములను 2009లో ప్రకటించిరి. పాల్గొన్న ప్రతివారును ఒక చిన్న పనిని ఎన్నుకొని, దినమునందలి ఒక నియత సందర్భమున దానిని చేయుచు వచ్చిరి. ఆ పని అప్రయత్నముగ జరుగుటకు కొందరికి 18 దినములే చాలుననియు, కొందరికి 254 దినములు పట్టుననియు, సుమారు 66 దినములు మధ్యస్థమనియు వారు లెక్కించిరి. ఇరువదియొక్క దినములలో ఏ యలవాటైనను స్థిరపడునని లోకమున చెల్లుచున్న మాటకు ఇందు ఆధారము లేదు. మరియొక సంగతియు తేలినది: నడుమ ఒక్క దినము తప్పినంత మాత్రమున అలవాటు చెడిపోలేదు.

ఈ రెండు మాటలును పరస్పరవిరుద్ధములుగ తోచవచ్చును. కాని తొట్రుపాటు వేరు, అనుమతి వేరు. నడచువాడు కాలు జారి పడి లేచినచో ప్రయాణము ఆగదు. నేడు కూర్చుందమని తలచి కూర్చున్నవాడు రేపును కూర్చుండుటకు కారణము వెదకును. పతంజలిమహర్షి అభ్యాసము దృఢమగుటకు మూడు నియమములను చెప్పినాడు: అది దీర్ఘకాలము సాగవలెను, ఎడతెగక సాగవలెను, ఆదరముతో సాగవలెను. మొదటి రెంటిని నేటి పరిశోధకులును కొలువగలరు. మూడవది కొలతకు అందదు. ఏ వస్తువునెడల ఆదరము? ఎవనికొరకు ఈ యభ్యాసము? ఇచ్చటనే లక్ష్యమును గూర్చిన ప్రశ్న ఉదయించుచున్నది.

నియమమునకు తనంతట తనకు పవిత్రత లేదు. పురాణములలోని హిరణ్యకశిపుని తలచుకొనుడు. అతని తపస్సులో కొరత యేమున్నది? ఆహారము విడిచెను, నిద్ర విడిచెను, శరీరము పుట్టతో కప్పబడినను చలింపలేదు. దృఢసంకల్పము, క్రమము, ఓర్పు, ఏకాగ్రత, నేటి శిక్షకులు కోరు గుణములన్నియు అతనియందు కలవు. లోపమంతయు లక్ష్యమునందే యున్నది. తాను చావకుండవలెను, లోకమంతయు తనకు లొంగవలెను అనునదే ఆ మహాతపస్సునకు ఫలము. గాలము ఎంత గట్టిదైనను, దానిని వేయవలసిన చెరువు ఏదో తెలియనివానికి ప్రయోజనమేమి? మెట్లెక్కుట నేర్పువారు ఎందరో కలరు. ఏ మేడ మెట్లు ఎక్కుచున్నావని యడుగువాడే గురువు.

లక్ష్యమును విచారింపనివానికి అలవాటు ఎట్లు మోసము చేయునో జీవితమునందలి సంధికాలములు బయటపెట్టును. అలవాటు సందర్భమును పట్టుకొని యుండును. లండను పరిశోధనలోని వారును తమ పనిని ఉదయభోజనానంతరము వంటి యొక నియత సమయమునకు ముడివేసికొనియే సాధించిరి. ఆ ముడి తెగినప్పుడు ఏమగును? ముప్పది సంవత్సరములు గంట మ్రోగగానే తరగతికి పోయిన ఉపాధ్యాయుడు పదవీవిరమణ పొందిన మరునాడు గంట వినరాదు. ఆయన వేళకు లేచి, స్నానము చేసి, చొక్కా తొడుగుకొని, ఎచ్చటికి పోవలెనో తెలియక వీథి అరుగుపై కూర్చుండును. కుమార్తెకు వివాహము చేసి పంపిన తల్లి రెండు జడలు వేయవలసిన వేళకు దువ్వెన చేతపట్టుకొని నిలిచిపోవును. దూరదేశమునందలి కుమారుని యింట చేరిన వృద్ధదంపతులకు గుడిగంట లేదు, ఎరిగిన వీథి లేదు, పలుకరించు ముఖము లేదు. తాము క్రమశిక్షణ గలవారమని అంతవరకు నమ్మినవారు, ఆ క్రమము తమది కాదనియు, బడిగంటది, వీథిది, పరిసరములదనియు అప్పుడు గ్రహింతురు. ఆ బాధ నిజమైనది. దానిని చులకన చేయరాదు. కాని ఆ బాధలో ఒక ప్రశ్నయు దాగియున్నది: సందర్భము పోయినను నిలుచునది నాలో ఏమి యున్నది?

మన పూర్వులు ఈ ప్రశ్నను ముందుగనే యెరిగినట్లు తోచుచున్నది. నిత్యోపాసనను వారు ఏ యింటికిని, ఏ యుద్యోగమునకును ముడివేయలేదు. సూర్యుని ఉదయాస్తమయములకు ముడివేసిరి. ఇల్లు మారవచ్చును, ఊరు మారవచ్చును, దేశమే మారవచ్చును. సంధ్య మాత్రము ఎచ్చటికి పోయినను మనతో వచ్చును. పగలును రాత్రియు కలియు ఆ వేళ తానే యొక సంధికాలము. దినదినమును చిన్న సంధిని భగవత్స్మరణతో దాటుటకు అలవడినవాడు, జీవితమునందలి పెద్ద సంధులను దాటుటకు శిక్షణ పొందుచున్నాడు. తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిని చూడుడు. వేదాధ్యయనము ముగించి గురుకులమును విడిచిపోవు శిష్యునకు ఆచార్యుడు చేయు అనుశాసనము అందు కలదు. సత్యమును, ధర్మమును విడువవలదని చెప్పినప్పుడే, స్వాధ్యాయమును ఏమరవలదని ఆచార్యుడు హెచ్చరించుచున్నాడు. గురువు ఎదుట నున్నంతకాలము చదువుట గొప్ప కాదు. గురుకులపు గోడలు లేనిచోట ఆ యధ్యయనము నిలుచునా యనునదే పరీక్ష.

శ్రీరామకృష్ణుల ప్రత్యక్షశిష్యులైన స్వామి రామకృష్ణానందుల జీవితము ఈ విషయమునకు ఉజ్జ్వలమైన వ్యాఖ్యానము. 1886 ఆగస్టు మాసమున గురుదేవులు మహాసమాధి చెందిన పిదప యువశిష్యులు వరాహనగరమున ఒక జీర్ణగృహమున మఠమును నెలకొల్పిరి. సోదరశిష్యులు పలువురు పరివ్రాజకులై హిమాలయములకు, తీర్థములకు వెడలిపోవుచుండగా, శశి మహారాజ్ అని పిలువబడు ఈ మహనీయుడు మాత్రము మఠమును విడువలేదు. గురుదేవులు సజీవముగ నెదుట నున్నారను భావముతో ఉదయమున దంతధావనకాష్ఠము సమర్పించుట మొదలు రాత్రి విశ్రాంతి వరకు నిత్యసేవ సాగించిరి. వేసవిలో విసనకర్రతో విసరుచు గంటలు గడిపిరి. ఇట్లు వరాహనగరమునను, తరువాత ఆలంబజారునను పది సంవత్సరములకు పైగ గడచెను.

అంతలో 1897లో స్వామి వివేకానందులు ఆయనను మద్రాసునకు పొమ్మనిరి. ఏ మందిరమున తన ప్రాణములన్నియు నిలిపియుండెనో దానిని విడువవలెను. భాష తెలియని చోటికి పోవలెను. ఆయన మారుమాట పలుకక బయలుదేరిరి. ఆ పూజ కేవలము అలవాటే యైనచో, ఆ గది విడిచినంతనే ఆయన హృదయము భగ్నమయ్యెడిది. ఆ పూజకు మూలము గదియందు కాక గురుదేవునియందే యుండెను. కావున అది ఆయనతో కూడ ప్రయాణము చేసెను. మద్రాసునను అదే పూజ, అదే నిష్ఠ. దానికి తోడు నగరమున పలుచోట్ల శాస్త్రబోధ చేయు తరగతులు. ఒకనాడు వర్షము కురియుచుండగా వినుటకు ఒక్కరును రాలేదు. అయినను ఆయన శూన్యమైన ఆ గదిలోనే యథావిధిగ ప్రసంగించిరి. కారణమడుగగా, ఇది తనకు వ్రతమనియు, ఎవరు వచ్చినను రాకున్నను దానిని నెరవేర్చుచున్నాననియు తెలిపిరి. నివాసమైన ఐస్ హౌస్ భవనము 1906లో పరాధీనమైనప్పుడును ఆయన సేవ ఆగలేదు. 1907లో మైలాపూరున మఠమునకు సొంత గృహము ఏర్పడెను. 1911లో దేహము చాలించు వరకు ఆయన జీవితమంతయు ఒకే లక్ష్యము చుట్టు తిరిగెను. చోటు మారెను, పని మారెను. ఆదరము మారలేదు.

అలవాటు బలమో బంధమో తెలిసికొనుటకు ఇదియే గురుతు. అది పోవలసివచ్చినప్పుడు మన ముఖమెట్లుండును? పూజకు పూవులు ఆలస్యమైనవని కోడలిపై మండిపడు మామగారు పూజను విడువలేదు గాని, ఏ దేవుని కొరకు పూజయో ఆ దేవుని విడిచినారు. ఆ కోడలి కన్నీటియందును ఉన్నవాడు ఆయనయే కదా! ఇంటిలో రోగి మూలుగుచుండగా లేచి నీరు అందింపని జపము లెక్కకే పనికివచ్చును. సేవకై జపమాలను ప్రక్కన నుంచి, సేవ ముగిసినంతనే మరల చేపట్టగలవాడే అలవాటునకు యజమానుడు. మాలను పక్కన పెట్టలేనివాడు, పెట్టి మరల చేపట్టనివాడు, ఇరువురును దానికి దాసులే.

అట్లని ఆంతర్యము ముఖ్యము, నియమములతో పనియేమి యని వదలివేయుట ప్రమాదకరము. గురుదేవులకు అద్వైతసాధన నుపదేశించిన తోతాపురి ప్రతిదినమును తన లోటాను తళతళలాడునట్లు తోముచుండెడివారు. సిద్ధి పొందిన మీకు నిత్యధ్యానమేలయని శ్రీరామకృష్ణులు ప్రశ్నింపగా, తోమని పాత్ర మాసిపోవునట్లే ధ్యానము మానిన మనస్సును మాసిపోవునని ఆయన బదులు చెప్పిరి. పాత్ర బంగారముదైనచో తోమకున్నను మాయదు గదాయని శ్రీరామకృష్ణులు చిరునవ్వుతో పలికిరి. బంగారమైనవారికి ఆ మాట తగును. మనది ఇత్తడి. మన పాత్రను మనము నేడును, రేపును తోముకొనవలసినదే.

కావున సాధకుడు చేయవలసినది కొంత సులభము, కొంత కఠినము. సులభమైనది: చిన్నదైనను నిత్యము చేయదగిన యొక నియమమును ఎన్నుకొని, దానిని ఏ యూరికి పోయినను మనతో వచ్చు సమయమునకు ముడివేయుట. ఉదయసంధ్యలో పది నిమిషములు, నిద్రకు ముందు పది నిమిషములు చాలును. తప్పిన దినమున శోకింపక, సాకు వెదకక, మరునాడు లేచి కొనసాగించుట. కఠినమైనది: ఇది ఎవనికొరకు చేయుచున్నానను ప్రశ్నను నియమముతో పాటు నిత్యమును వేసికొనుట. ఈ ప్రశ్న వాడిపోయిననాడు ఎంత గొప్ప నియమమైనను పాత బోదెయే యగును.

ఒకనాడు ప్రతివానికిని మహాసంధికాలము రాగలదు. ఆనాడు పదవియు, ఇల్లును, బంధువులును, తుదకు మాట పలుకు నాలుకయు సహకరింపవు. బయటి ఆధారములన్నియు తెగిపోవును. ఆ క్షణమున మనస్సు అలవాటుపడిన వైపునకే పారును. ఆ ప్రవాహము ఈశ్వరుని పాదములను చేరవలెనన్నచో ఆ బోదెను ముందుగనే త్రవ్వియుంచవలెను. త్రవ్వుటకు శుభముహూర్తము వేరే లేదు. నేటి సాయంసంధ్యయే చాలును.