చూడక తెలియునా?

చూడనిది తెలియదు, అనుభవము లేనిది జ్ఞానమే కాదు అని వాదించువారు మన వర్తకులలోనే ఎక్కువ. అది సహజమే. బట్ట అంచును రెండు వ్రేళ్ల నడుమ నలిపి అది ఎన్నవ నంబరు నూలో చెప్పుటకు నాకు పదేండ్లు పట్టినది. పుస్తకము చదివి ఆ విద్య నేర్చినవానిని నేనెరుగను. కావున నేనును చాలకాలము అదే పక్షమున ఉంటిని. ఆ పక్షము నన్ను విడిపించినది శాస్త్రము కాదు, చిట్టాలోని ఒక అంకె. శాస్త్రము తరువాత వచ్చినది.

నాకు లెక్కలు నేర్పిన వృద్ధ గుమాస్తాగారు ఒక కిటుకు చెప్పియుండిరి. చిట్టా నిలువకును గల్లాపెట్టెలోని రొక్కమునకును తేడా వచ్చినయెడల, ఆ తేడాను 9తో భాగించి చూడవలెను. శేషము లేకుండ భాగింపబడినచో, ఎవరో రెండంకెలను తారుమారు చేసి వ్రాసిరేమో అని వెదకవలెను. ఎందుకట్లు అని అడిగితిని. "నలభై ఏండ్లుగా చూస్తున్నాను నాయనా, ఎప్పుడూ అంతే" అనిరి. అది అనుభవ జ్ఞానము.

చాల ఏండ్లకు మా అమ్మాయి ఎనిమిదవ తరగతి బీజగణితము చదువుచుండగా, దాని కారణము కాగితముపై తేలినది. పదుల స్థానమున క, ఒకట్ల స్థానమున చ ఉన్నవనుకొనుడు. ఆ సంఖ్య 10క + చ. తారుమారైనచో 10చ + క. ఒకదానినుండి ఒకటి తీసివేయగా మిగులునది 9 రెట్లు (క − చ). వందల పదుల స్థానములైనచో 90 రెట్లు. ఎంత పెద్ద సంఖ్యకు పోయినను 9 వదలదు.

ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపుడు. గుమాస్తాగారు వేయి చిట్టాలు చూచియుందురు. వేయిన్నొకటవది ఎదురు తిరుగదని వారికి హామీ ఏది? నలభై ఏండ్ల అనుభవమును ఆ హామీ ఇయ్యలేదు. కాగితముపై రెండు పంక్తులు ఇచ్చినవి. ఇంకను వ్రాయబడని చిట్టాలలోను, నేను పోయిన తరువాత తెరువబోవు దుకాణములలోను అది అంతే. అంకెలను మనము కంటితోను, వ్రేళ్ల కణుపులతోను నేర్చుకొంటిమి, నిజమే. కాని నేర్చుకొనిన దారి వేరు, నేర్చిన విషయము నిలిచిన పునాది వేరు. జర్మనీ దేశపు కాంట్ పండితుడు 1781లో ప్రకటించిన గ్రంథపు 1787 నాటి రెండవ కూర్పున చెప్పినదియు సుమారుగా ఇదియే: జ్ఞానము అనుభవముతో ఆరంభమగును గాని, అంతయు అనుభవమునుండి పుట్టినది కాదు.

మన తార్కికులు ఈ చిక్కును అంతకు చాల పూర్వమే గుర్తించిరి. పొగ ఉన్నచోట నిప్పు ఉండునని వంటయింట చూచితిమి. చూడని కొండలన్నిటిపైనను అట్లే ఉండునని ఎట్లు తెలిసినది? అది తెలియదు గనుక అనుమానమే చెల్లదని చార్వాకులు త్రోసివేసిరి. నైయాయికులు తర్కమును సహాయకముగా మాత్రము ఒప్పుకొనిరి. అకలంకాచార్యుల వంటి జైన తార్కికులు మాత్రము తర్కమును వేరు ప్రమాణముగా నిలిపిరి. చూచిన కొన్నింటినుండి చూడని అన్నింటికి దాటు శక్తి ఇంద్రియములది కాదు, ఆత్మకే కలదని దాని భావముగా నాకు తోచును.

ఇంతకంటె ఆశ్చర్యమైన సంగతి మరియొకటి కలదు. లోకమంతయు కంటితో చూచినదానిని ప్రత్యక్షము అనును. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున అది తలక్రిందులైనది. ఇంద్రియములచే, మనస్సుచే కలుగు మతిజ్ఞానమును, దానిని అనుసరించి వచ్చు శ్రుతజ్ఞానమును పరోక్షములు. అవధి, మనఃపర్యాయ, కేవలములు మాత్రమే ప్రత్యక్షములు. ఏలయన 'అక్ష' శబ్దమునకు మనవారు ఆత్మ అని అర్థము చెప్పిరి. ఆత్మకు నేరుగా తెలిసినది ప్రత్యక్షము, కన్ను, చెవి అను దళారుల ద్వారా తెలిసినది పరోక్షము. దళారీ ఎంత నమ్మకస్థుడైనను దళారీయే గదా! మా బళ్లారికి దూరము కాని కోనకొండ్ల కుందకుందాచార్యులవారి ఊరని పెద్దలు చెప్పుదురు. వారు ప్రవచనసారమున నిలిపినదియు ఈ భేదమే. తరువాతివారు లోకవ్యవహారమునకై ఇంద్రియజ్ఞానమునకు సాంవ్యవహారిక ప్రత్యక్షమని పేరిచ్చి రాజీ చేసిరి.

కన్ను దళారీ అన్నది వట్టి మాట కాదు. పుట్టు గ్రుడ్డివానికి చూపు వచ్చినచో, చేతితో ఎరిగిన గుండును, ఘనమును కంటితో చూచినంతనే గుర్తించునా అని 1688లో మోలినో అను ఐర్లండు దేశస్థుడు లాక్ పండితుని అడిగెను. మన దేశమున ప్రకాశ్ ప్రాజెక్టువారు పుట్టుకనుండి చూపు లేని 8 మొదలు 17 ఏండ్ల వయస్సుగల అయిదుగురికి శస్త్రచికిత్స అయిన వెంటనే పరీక్షించి, 2011లో ఫలితము ప్రకటించిరి. చేతితో తడిమిన వస్తువును వారు చూపుతో పోల్చుకొనలేకపోయిరి. కొలది దినములలోనే నేర్చుకొనిరి. కావున చూచుటయు నేర్చుకొనవలసిన పనియే.

అట్లయిన జ్ఞానము ఎక్కడనుండి వచ్చును? బయటినుండి రాదు, ఆత్మ స్వభావమే జ్ఞానము, జ్ఞానావరణీయ కర్మము దానిని మేఘమువలె కప్పియున్నదని మన సిద్ధాంతము. నిగోద జీవికిని లేశమాత్రమైన జ్ఞానము కప్పబడక ఉండునట. అదియు కప్పబడినచో జీవునకును అజీవమునకును భేదము ఉండదు. అంతమాత్రమున అనుభవము అక్కరలేదని ఎవరును పొంగిపోరాదు. కేవలజ్ఞానము జంబూస్వామితో ఈ క్షేత్రమున ముగిసినది. నేడు ఎవరైనను కన్ను మూసినంతనే తనకు సర్వము తెలియుచున్నదని చెప్పినచో, నమస్కరించి వారి రసీదు పుస్తకమునకు కొంచెము దూరముగా నిలుచుట మేలు. మనకు మిగిలినవి మతి, శ్రుతములే. వాటిని సరిగా వాడితిమా అన్నదే ప్రశ్న.

నేను వాడలేదు. ఆ సంగతి వ్రాయక తప్పదు.

1998లో ఒక సాయంకాలము గల్లాలో 450 రూపాయలు తగ్గినవి. ఆ మధ్యాహ్నమే మా దుకాణపు కుర్రవాడు గల్లాలో చెయ్యి పెట్టియుండగా నేను కళ్లారా చూచియుంటిని. అడిగితిని. "చిల్లర కోసరం తెరిచినా సావుకారూ" అనెను. "నా కండ్లతో చూసినాను గదరా" అంటిని. వాడు మారు పలుకక చొక్కా తగిలించుకొని పోయెను.

మతిజ్ఞానమునకు నాలుగు మెట్లు చెప్పబడినవి. వస్తువు తగులుట అవగ్రహము, అది ఏమని విచారించుట ఈహ, నిశ్చయించుట అవాయము, నిలుపుకొనుట ధారణ. నేను మొదటి మెట్టునుండి మూడవదానికి ఎగిరితిని, నాలుగవదానిపై మూడు దినములు కూర్చుంటిని. నాలుగవనాడు గుమాస్తాగారు ఏదో పనిమీద వచ్చి, విని, ఒక్కటే అడిగిరి: "తేడా ఎంత?" చెప్పితిని. "తొమ్మిది యాభైలు" అని చిట్టా తెప్పించుకొనిరి. ఒక కొనుగోలుదారు కట్టిన 6,270 చిట్టాలో 6,720గా జమ అయియున్నది. చేతివ్రాత నాదే.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. 9తో భాగింపబడినంతనే తారుమారు అని రుజువు కాదు. దొంగయైనను సరిగా 450 తీసికొనవచ్చును. ఆ నియమము ఎక్కడ వెదకవలెనో చెప్పినది గాని, కుర్రవాడు నిర్దోషియని చెప్పలేదు. అది చెప్పినది రసీదు. దానిని మరల నా కన్నులతోనే చదివితిని. కన్ను లేక నియమము నా దుకాణములోనికి రాలేదు, నియమము లేక కన్ను రసీదు వద్దకు పోలేదు. నన్ను నేటికిని బాధించునది వేరొకటి. వాడు దొంగ అని ఆ మూడు దినములు నాకు కలిగిన నిశ్చయమునకును, తొమ్మిది రెట్లు అన్న నిశ్చయమునకును లోపల రుచిలో ఏమియు తేడా లేకుండెను.

ఆ ఏటి క్షమాపణ దినమున వాని ఇంటికి పోయి చేతులు జోడించితిని. వాడప్పటికే వేరొక అంగడిలో చేరియుండెను. నన్ను మంచముపై కూర్చుండబెట్టి, వాళ్లమ్మ చేత మంచినీళ్లు ఇప్పించి, "మీరు చూసింది అబద్ధమేం కాదు సావుకారూ, గల్లాలో నా చెయ్యి వుండె గదా" అనెను. దానికి నాకు జవాబు తోచలేదు. నీళ్లు త్రాగి వచ్చితిని.